రెండో రొట్టె

జనవరి 13, సోమవారం

సంతకం పెట్టేశాను. నా కూతురు కళినాకి రెండేళ్లు నిండేదాకా నాకు రావలసిన సెలవు ఇక మా అత్తగారిది. చట్టం ఒప్పుకుంటుంది, తల్లి వద్దనుకుంటే నానమ్మ తీసుకోవచ్చు. ‘వద్దనుకుంటే’ అన్న మాట ఆ కాగితంలో ఉన్నదే, నేను పెట్టింది కాదు. నాకు తప్పలేదు. మా ఆయన ప్లామెన్ లారీ వారంలో ఐదు రోజులు ఏ దేశంలో ఉంటుందో ఆయనకే తెలియదు. కుట్టు ఫ్యాక్టరీలో నా మిషను ఇంకొకరికి ఇచ్చేస్తామన్నారు. అత్తయ్య పని చేసే పచ్చళ్ల ఫ్యాక్టరీలో చలికాలం ఎలాగూ పని తక్కువ. అన్నీ కలిసొచ్చాయి. ఎవరైనా ఇదే చేస్తారు.

పిల్లకి పదమూడు నెలలు. నేను గేటు దాటుతుంటే అత్తయ్య తనుండే కింది అంతస్తు కిటికీలో నిలబడి దాని చెయ్యి పట్టుకుని ఊపించింది.

జనవరి 20

సోఫా పట్టుకుని నిలబడుతోంది. వదిలితే కూలబడుతోంది. ఇవాళో రేపో నడుస్తుంది. నేను లేనప్పుడు నడవకూడదని చర్చిలో కొవ్వొత్తి వెలిగించాను. దేవుణ్ణి ఇలాంటివి అడగొచ్చో లేదో తెలియదు. అడిగాను.

జనవరి 28

సాయంత్రం వెళ్లేసరికి కళినా తిండి కుర్చీలో, నడుముకి బెల్టు కట్టుకుని పెరుగు తింటోంది. “దగ్గు పట్టింది, నేల మీద దింపకు. రాతి నేల, చలి ఎక్కుతుంది,” అంది అత్తయ్య. ఎత్తుకునే పైకి తెచ్చుకున్నాను.

జనవరి 30

దింపమని ఒకటే గింజుకుంటోంది. కాళ్లతో నా కడుపులో తన్నింది. దగ్గు వల్ల చిరాకు కాబోలు. గట్టిగా పట్టుకుని పాట పాడాను. దగ్గయితే ఒక్కసారి కూడా వినపడలేదు.

ఫిబ్రవరి 2, ఆదివారం

నడిచింది! నా కళ్ల ముందు!

చర్చి నుంచి వచ్చాం. ఇవాళ మరియమ్మ పసిబిడ్డను మొదటిసారి గుడికి తీసుకెళ్లిన పండగ. అత్తయ్య కోటు విప్పుతూనే “దగ్గు తగ్గింది, కాసేపు దింపు అమ్మాయ్,” అంది. దింపాను. అంతే. ఏడు అడుగులు. నేను అరిచిన అరుపుకి ప్లామెన్ గడ్డం సగం గీసుకుని పరిగెత్తుకొచ్చాడు.

“రొట్టె! ఈ రోజే కాల్చాలి!” అంది అత్తయ్య. పిల్ల అడుగు వేసిన రోజే రొట్టె చేసి పంచకపోతే ఆ పిల్ల బతుకంతా తడబడుతుందంటారు మా వైపు. పిండి నేనే కలిపాను. సంతోషంలో ఉప్పు రెండుసార్లు వేశానేమో కూడా. అడుగు మాడింది. మాడితే మాడింది, నా కూతురి రొట్టె.

నేల మీద తెల్లగుడ్డ పరిచి కత్తెర, కలం, దువ్వెన, చెక్క గరిటె పెట్టాం. ఏది పట్టుకుంటే అది దాని బతుకు. రొట్టెను దొర్లించాం. కళినా దాని వెనకే నడిచి, ఇటూ అటూ చూడకుండా, ఎవరో చెప్పి పంపినట్టు తిన్నగా వెళ్లి కత్తెర పట్టుకుంది! “నా మిషను చప్పుడు కడుపులోనే విన్నదిగా,” అన్నాను. అందరూ నవ్వారు. సందు చివర కొట్టు నడిపే యోర్దాంకా కూడా వచ్చింది. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. అలాంటిది ఇవాళ నోటినిండా రొట్టె కుక్కుకుని ఒక్క మాటా మాట్లాడలేదు. నా రొట్టె అంత బాగుందన్నమాట.

ప్రభువా, నీకు స్తోత్రం. నా మాట విన్నావు.

ఫిబ్రవరి 3

ఏడు అడుగులు. ఫ్యాక్టరీలో అందరికీ చెప్పాను. వినని వాళ్లకి రెండుసార్లు చెప్పాను.

ఫిబ్రవరి 11



పాల కోసం యోర్దాంకా కొట్టుకి వెళ్లాను. ఏదో మంచిమాట అనబోయి ఇలా అంది: “ఏమనుకోకు రలిత్సా, నీ చేతి రొట్టె కాస్త మాడింది. మొదటిదే బాగుంది, పైన తేనె రాసి…”

“మొదటిదేమిటి?” అన్నాను.

ఆవిడ ముఖం సున్నం కొట్టినట్టయింది. “అయ్యో, మీ అత్త చంపేస్తుంది నన్ను,” అంది.

జనవరి 28, మంగళవారం. మా అత్తగారి వంటింట్లో. నా కూతురు నడిచింది. అదే రోజు రొట్టె చేశారు, తెల్లగుడ్డ పరిచారు, నలుగురు ఆడవాళ్లు వచ్చి తేనె నాకి వెళ్లారు. ఆ రోజూ కత్తెరే పట్టుకుందట! మరి తిన్నగా వెళ్లదూ? దానికది రెండో ఆట.

ఆ ఐదు రోజుల దగ్గు? అబద్ధం. బెల్టు కట్టిన కుర్చీ? నా బస్సు మలుపు తిరగ్గానే పిల్లను అందులో కూర్చోబెట్టేవాళ్లు, నా ముందు నడిచేస్తుందని. సాయంత్రాలు అది నా ఒళ్లో కాళ్లు ఝాడించింది చిరాకుతో కాదు. ‘అమ్మా, దింపు, చూపిస్తా’ అంటోంది. నేను అదిమి పట్టుకున్నాను. పాట కూడా పాడాను! నా బిడ్డ అడుగుల్ని నా చేతులతోనే ఆపించారు.

పాల సీసా పట్టుకుని కిందింటికే వెళ్లాను. అత్తయ్య బంగాళాదుంపలు చెక్కుతోంది.

“ఎందుకు చెప్పలేదు?”

ముందు తడబడింది, తర్వాత గడ్డం ఎత్తింది. “ఏం చెయ్యమంటావ్? రొట్టె ఆ రోజే చెయ్యాలి. ఆదివారం దాకా ఆగమని పిల్లకి చెప్పనా? నీకు ఫోన్ చేస్తే మిషను ఆపుకుని వస్తావా? అక్కడే కూర్చుని ఏడుస్తావు. అందుకే నీక్కూడా ఒకటి చేసిపెట్టాం.”

“నాక్కూడా ఒకటా! సినిమాకి రెండో ఆటలాగానా?”

“సంతోషపడ్డావు కదా. నీ సంతోషం కోసమే కదా ఇన్ని పాట్లు పడింది. ఇప్పుడు గోరంతని కొండంత చెయ్యకు.”

బంగాళాదుంపల గిన్నె నేలకేసి కొట్టాలనిపించింది. కొట్టలేదు. అత్త కొడితే అడుగోటి కుండ, కోడలు కొడితే కొత్త కుండ. నాకు తెలియదా?

ఫిబ్రవరి 12

పిల్లను గుమ్మంలో ఇచ్చి గుమ్మంలో తీసుకున్నాను.

ఫిబ్రవరి 14

ప్లామెన్‌కి కూడా తెలుసు. ఇవాళ ద్రాక్షతోటల పండగ, తీగలు కత్తిరించే మిషతో రెండు గ్లాసులు ఎక్కువ తాగి వచ్చాడు. అడిగితే తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు.

“అమ్మ ఫోన్ చేసి చెప్పింది. నీకు చెప్పొద్దంది.”

“నువ్వు నా మొగుడివా, ఆవిడ కొడుకువా?”

“రెండూనూ,” అన్నాడు వెధవ. “ఏడు అడుగులు ఎప్పుడేస్తేనేం రలీ? ఇక జీవితమంతా నడుస్తూనే ఉంటుంది కదా.”

సోఫా మీద పడుకోమన్నాను. దుప్పటి కూడా ఇవ్వలేదు.

ఫిబ్రవరి 16, ఆదివారం

ఇవాళ ఫాదర్ మెతొది తప్పిపోయిన కొడుకు కథ చెప్పాడు. తండ్రి విందు చేశాడట, పెద్ద కొడుకు కోపంతో బయటే నిలబడ్డాడట. ఆ పెద్ద కొడుకు తప్పేమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు. అతను పొలంలో పని చేస్తుంటే ఇంట్లో విందు మొదలుపెట్టేశారు. పిలవడానికి మనిషిని కూడా పంపలేదు. పాటల చప్పుడు విని, ఏం జరుగుతోందని పనివాణ్ణి అడగాల్సి వచ్చింది. నాకైతే యోర్దాంకా చెప్పింది.

బయటికొస్తే ముసలమ్మల గుంపు. ఒకావిడ కళినా బుగ్గ గిల్లి, “ఈ రోజులు మళ్లీ రావమ్మా, తనివితీరా చూసుకో. కన్నుమూసి తెరిచేలోగా పెద్దవాళ్లయిపోతారు,” అంది. పుండు మీద కారం చల్లినట్టయింది. ఈ మాట అనని ముసలమ్మ ఈ ఊళ్లో లేదు. పోయినేడు పిల్ల కడుపునొప్పితో నాలుగు నెలలు ఏడ్చినప్పుడు ఒక్కరైనా వచ్చి, ‘అరగంట నేనెత్తుకుంటా, నువ్వు తల దువ్వుకో’ అన్నారా? లేదు. తనివితీరా చూసుకో అన్నారు, అంతే.

కళినా నడిచిన ఆ పండగ రోజు కథ కూడా గుర్తొచ్చింది. గుడిలో సుమెయోను ముసలాయన మరియమ్మ బిడ్డను చేతుల్లోకి తీసుకుని ఇక నేను సుఖంగా చచ్చిపోతానన్నాడు. అందరూ ఆయన గురించే పాడతారు. ఆ కాసేపు మరియమ్మ చేతులు ఖాళీగా ఉన్నాయి కదా. ఆ చేతుల్ని ఏం చేసుకుందో ఎవరూ రాయలేదు.

ఫిబ్రవరి 21

ఫ్యాక్టరీ ఆఫీసులో అడిగాను. ఇచ్చిన సెలవు వెనక్కి తీసుకోవచ్చట. ఒక కాగితం నా దగ్గర, ఒక కాగితం అత్తయ్య ఫ్యాక్టరీలో. ఆ రెండోది కూడా నేనే పట్టుకెళ్లి ఇచ్చాను. “నేనే చెప్తాను ఆవిడకి, మీరు ఫోన్ చెయ్యకండి,” అన్నాను. మార్చి 2 నుంచి పిల్ల నాది. ఆవిడ తిరిగి జాడీల దగ్గరికి.

ఇంట్లో చెప్పలేదు. వాళ్లు నాకు చెప్పారా?

ఫిబ్రవరి 22, శనివారం

చనిపోయినవాళ్ల శనివారం. మామయ్య సమాధి దగ్గర అత్తయ్యా నేనూ ఉడికించిన గోధుమలు పంచాం, ఒకరి ముఖం ఒకరం చూసుకోకుండా. తర్వాత పాపసంకీర్తనకి వెళ్లాను. వచ్చే ఆదివారం క్షమాపణల ఆదివారం, చిన్నవాళ్లు వెళ్లి పెద్దవాళ్ల చెయ్యి ముద్దుపెట్టుకుని క్షమించమనాలి. ఈసారి నేను వెళ్లనని ముందే చెప్పేద్దామనుకున్నాను.

దగ్గు, కుర్చీ, బెల్టు, రెండు రొట్టెలు అన్నీ చెప్పాను. ఫాదర్ మెతొది గడ్డం దువ్వుకుంటూ విన్నాడు.

“అయిపోయిందా?”

“అయిపోయింది ఫాదర్.”

“అమ్మాయ్, ముప్పై ఏళ్లుగా వింటున్నాను. ఈ ఊరి కోడళ్లందరూ ఇక్కడికొచ్చి అత్తల పాపాలే ఒప్పుకుంటారు. మీ అత్త పాపాలు చెప్పుకోవడానికి మీ అత్తకి నోరుంది. నీది చెప్పు.”

“నేనేం చేశాను?”

“నన్నడుగుతావేం? నేనేమైనా మీ వంటింట్లో ఉన్నానా?”

మాంసం తిన్నానని చెప్పాను. ఉపవాసం ఇంకా మొదలుకాలేదు కదా అన్నాడు. చిరాకేసి వచ్చేశాను. ఆయనకేం, మా ఫాదర్లకి పెళ్లాం పిల్లలూ ఉంటారు, ఆయన పిల్లలు ఎప్పుడో పెద్దవాళ్లయిపోయారు.

ఫిబ్రవరి 24

ఏమీ చెయ్యలేదు నేను. ఆలోచించాను. ఏమీ లేదు.

ఫిబ్రవరి 26

మధ్యాహ్నం తిండి వేళ, మిషన్లు ఆగిపోయాయి. రాయకపోతే ఇది నన్ను తినేస్తుంది.

జనవరి 13న ఇక్కడ రాసింది అబద్ధం. నా మిషను ఇంకొకరికి ఇస్తామని ఎవరూ అనలేదు. నేనే ఫోన్ చేసి ఖాళీ ఉందా అని అడిగాను. డిసెంబరు నుంచి మూడుసార్లు చేశాను. అత్తయ్యను సెలవు తీసుకోమని అడిగింది కూడా నేనే, ఆవిడ కాదు.

ఆ ఏడాదంతా ఆ రెండు గదుల్లో నాకు ఊపిరాడలేదు. పిల్లంటే ప్రాణం. దాంతో గడిచే రోజంటే భయం. పొద్దున్న ఏడింటికి సాయంత్రం ఎప్పుడవుతుందా అని చూసేదాన్ని. ఒకరోజు ఏడుస్తున్నదాన్ని మంచంలో పడేసి, పెరట్లో మంచులో చెప్పుల్లేకుండా నిలబడ్డాను. ఎంతసేపో తెలియదు. లోపలికి వెళ్లేసరికి అది ఏడ్చి ఏడ్చి నిద్రపోయింది, నాకు మాత్రం హాయిగా ఉంది. ఆ హాయి ఎవరికీ చెప్పలేదు. ఫాదర్‌కి చెప్పలేదు. దేవుడికి తెలియకుండా ఉంటుందా అని ఆ వైపు ప్రార్థనే చెయ్యలేదు.

మొదటి రోజు బస్సెక్కాక పాట పాడుకున్నాను. డ్రైవరు అద్దంలోంచి చూశాడు. కిటికీలో ఊగుతున్న చెయ్యి మలుపు తిరిగాక కనబడలేదు, నేను ఇంకా గట్టిగా పాడాను.

దొంగిలించారు, దొంగిలించారు అని రెండు వారాలుగా ఊరంతా తగలబెట్టేటంత కోపంతో తిరుగుతున్నాను. దొంగిలించడానికి నేనేం దాచుకున్నాను? వీధిలో పెట్టి వచ్చాను.

అయినా దగ్గు అని అబద్ధమాడటం తప్పే. అది ఆవిడ తప్పే. ఆ కోపం పోలేదు, పోదు.

మార్చి 1, ఆదివారం

పొద్దున్న యోర్దాంకా వచ్చి మార్చి నెల వచ్చిందని కళినా చేతికి ఎర్ర తెల్ల దారం కట్టి వెళ్లింది. నా ముఖం చూడలేదు. సాయంత్రం చర్చి అయ్యాక హల్వా పొట్లం పట్టుకుని కిందికి వెళ్లాను, ఒక్కదాన్నే. పిల్లను పైన ప్లామెన్ ఆడిస్తున్నాడు.

అత్తయ్య కొత్త స్కార్ఫు కట్టుకుని బల్ల దగ్గర కూర్చుంది. నేను వంగకముందే చెయ్యి చాపింది.

“దేవుడు క్షమిస్తాడు, నేనూ క్షమించాను,” అనేసింది గబగబా.

“నేనింకా అడగలేదు.”

“ఏటా అడుగుతావుగా.”

“అత్తయ్యా, సెలవు వెనక్కి తీసుకున్నాను. పది రోజులైంది కాగితాలిచ్చి. రేపటి నుంచి మీరు పనికి వెళ్లాలి.”

ఆవిడ చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది. తర్వాత మెల్లగా బల్ల మీద పెట్టుకుంది.

“పది రోజులా.”

“మీరు ఐదు రోజులు దాచారు. నేను పది దాచాను.”

“చెంప మీద కొట్టినా బాగుండేదే,” అంది. స్కార్ఫు ముడి సర్దుకుని, “ఈస్టర్ దాకా ఉంచవే అమ్మాయ్. ఈస్టర్ దాకా,” అంది. ఈ ఆరేళ్లలో ఆవిడ నన్ను ఉప్పు కూడా అడిగి ఎరుగదు.

“లేదు. అది నా పిల్ల.”

అప్పుడు లేచింది కోపం ఆవిడకి. “నీ పిల్లే! కాదన్నానా? పారిపోయింది ఎవరు? డిసెంబరులో నా గుమ్మంలో నిలబడి ‘తీసుకోండత్తయ్యా, లేకపోతే ఏమైపోతానో’ అన్నది నేనా నువ్వా? పిల్లను ఇచ్చేటప్పుడు నీ ముఖం నేను చూళ్లేదనుకున్నావా?”

చూసింది. చూసి కూడా ఇన్నాళ్లూ అనలేదు. “అవును. పారిపోయాను. సంతోషంగా పారిపోయాను. దానికి క్షమించండి,” అన్నాను. వంగి చెయ్యి పట్టుకున్నాను. ముద్దుపెట్టుకున్నానో ఏడ్చానో తెలియదు.

ఈసారి ఆవిడ గబగబా ఏమీ అనలేదు. నా తల మీద చెయ్యి వేసి ఎటో చూస్తూ చెప్పింది.

“ప్లామెన్‌ని వారం శిశుశాలలో వేశాను. సోమవారం అప్పగిస్తే శనివారం ఇచ్చేవాళ్లు. ఆ రోజుల్లో అందరం అంతే, ఫ్యాక్టరీ ఆగదు కదా. ఒక శనివారం వెళ్తే నడుచుకుంటూ వచ్చాడు. చొక్కా ఇంకెవరి పిల్లాడిదో. ఎప్పుడు నడిచాడమ్మా అని ఆయాని అడిగితే, ‘ముప్పై మంది ఉన్నారు, ఎవరికి గుర్తుంటుంది’ అంది. రొట్టె ఏ రోజున చెయ్యను? చెయ్యనే లేదు. కమ్యూనిస్టుల కాలం, దేవుడి పేరెత్తడానికే భయపడే రోజులు, రొట్టె ఎవరికి పంచను? నీ కూతురు నడిచినప్పుడు నిన్ను పిలవాలని నాకు తోచింది. తోచినా పిలవలేదు. ఒక్కరోజు, ఒక్కటంటే ఒక్కరోజు నాది అనుకున్నాను.”

నీ సంతోషం కోసమే అన్నదంతా అబద్ధమేనన్నమాట. విచిత్రం, ఈ నిజం వింటే ఆ అబద్ధం మీదున్నంత కోపం రాలేదు.

“ఎలా నడిచింది?” అన్నాను. ఇన్నాళ్లూ ఎవరు చెప్పబోయినా చెవులు మూసుకున్నాను.

“కట్టెల పెట్టె పట్టుకుని నిలబడింది. పిల్లికి చేప తల వేశాను. దాన్ని లాక్కుందామని వెళ్లింది! నాలుగడుగులు. ఐదోది గిన్నెలో వేసి బోర్లా పడింది. పిల్లి దీని ముఖం మీద ఉఫ్ అంది, ఇది తిరిగి పిల్లి మీద ఉఫ్ అంది.”

ఇద్దరం నవ్వాం. నాకు నవ్వుతూనే ఒళ్లు మండింది. ఎంత బాగుంది! నాకు చూపించిన ఏడు అడుగుల కంటే ఎంతో బాగుంది, ఆ నాలుగూ నేను చూడలేదు, ఇక ఎప్పటికీ చూడను. ప్రభువే దిగివచ్చినా ఆ మంగళవారాన్ని తిరిగివ్వడు. చర్చి ముందు ముసలమ్మలు చెప్పేది నిజమే. ఆ మాటకి ముందు నా చేతిలోంచి బిడ్డను తీసుకుని అరగంట ఎత్తుకుని ఉంటే బాగుండేది.

ఆవిడ నన్ను క్షమించమని అడగలేదు. పెద్దవాళ్లు అడిగే ఆచారం లేదు. ఈస్టర్ మాట మళ్లీ ఎత్తలేదు, నేనూ మెత్తబడలేదు. హల్వా మాత్రం ఇద్దరం పొట్లంలోంచే తిన్నాం.

మార్చి 2, సోమవారం

ఉపవాసాల మొదటి రోజు.

ఆరున్నరకి పైకొచ్చింది అత్తయ్య, కోటు వేసుకుని, పనికి వెళ్లే సంచితో. చిక్కుడుగింజల పులుసు గిన్నె నా చేతికిచ్చింది. “నెయ్యీ వెన్నా లేదు, ఉపవాసానిదే,” అంది. కళినా ఆవిడ గొంతు వినగానే మంచం దిగి నడుచుకుంటూ వచ్చేసింది. కోటు అంచు రెండు చేతులా పట్టుకుంది. రోజూ ఆ వేళకి కిందికి వెళ్తుంది కదా, దానికి తెలిసిన పొద్దున్న అదే.

నేను తీసుకోబోతే నన్ను చూసి కేకపెట్టింది. నన్ను చూసి! కోపం నెత్తికెక్కింది. ఆవిడ ఎత్తుకుంటుందనుకున్నాను. ఎత్తుకుని, ‘చూశావా’ అన్నట్టు నా వంక చూస్తుందనుకున్నాను. నేనైతే అదే చేసేదాన్ని.

ఆవిడ గుమ్మంలో మోకాళ్ల మీద కూర్చుంది. పిల్ల వేళ్లు ఒక్కొక్కటే విప్పింది. విప్పిన వేలు మళ్లీ పట్టుకుంటే మళ్లీ విప్పింది. ఆ రెండు చేతులూ నా చేతుల్లో పెట్టి, పైనుంచి తన చేత్తో ఒకసారి గట్టిగా నొక్కి, “గట్టిగా పట్టుకో,” అంది. మెట్లు దిగి వెళ్లిపోయింది. బస్సెక్కేదాకా ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. తిరిగి ఉంటే ఇద్దరిలో ఎవరో ఒకరం ఓడిపోయేవాళ్లం.

పిల్ల పదింటిదాకా ఏడ్చింది. తలుపును కొట్టింది, నన్ను కొరికింది, పులుసు కిందకి తోసేసింది. నేను ఎక్కడికీ పోలేదు.